కోటేశ్వరి ఎన్నడూ చేరలేదు

మా విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెప్పకూడదని ఎవరూ అనలేదు, కానీ చెప్పవచ్చునని ఉత్తర్వు కూడా ఏదీ లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా పరిపాలన విభాగంలో పనిచేస్తున్నవాణ్ణి, ఈ రెండింటికీ తేడా నాకు తెలుసు. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో, మిరప చేల మధ్య, నాలుగు వందల ఎకరాల్లో ఉంటుందని మాత్రం చెబుతాను. నా పేరు మార్కండేయులు. హోదా సూపరింటెండెంటు. మధ్యలో కొన్నాళ్లు ఇంకో హోదా కూడా వెలగబెట్టాను. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

మా వైస్ ఛాన్సలర్ ఆచార్య త్రివిక్రమరావు గారు పన్నెండు రోజుల అధ్యయన యాత్రకని యూరప్ వెళ్లొచ్చారు. ఆయనకు ముందు పనిచేసిన వీసీ గారు ఇలాగే వెళ్లి పూలకుండీల ఆలోచన తెచ్చారు, మేం ఆర్నెల్లపాటు కుండీలు మోశాం. ఈయన డిగ్రీ తెచ్చారు. అక్కడ ఒక పాత విశ్వవిద్యాలయంలో గోడ నిండా గడ్డాల పెద్దమనుషుల పటాలున్నాయట. ప్రతి పటం కిందా ‘ఉభయ న్యాయాల డాక్టరు’ అని రాసి ఉందట. ఒక న్యాయం ఏలినవారిది, రెండోది కతోలిక చర్చిది. ఆ రోజుల్లో పొలం తగాదా ఒక చట్టం కిందికి, పెళ్లి తగాదా ఇంకో చట్టం కిందికి వచ్చేవి. పెళ్లిలో పొలం కూడా ఉంటే రెండూ తెలిసినవాడు కావాలి. అందుకని తెలివైనవాళ్లు రెండూ చదివి ఒకే పట్టా పుచ్చుకునేవారు. గైడు ఇదంతా చెప్పి, ఇప్పుడు ఆ చదువు చదివేవాళ్లు బాగా తగ్గిపోయారని కూడా అన్నాడట. ఆ చివరి ముక్క వీసీ గారి చెవిన పడలేదు. అప్పటికి ఫొటో దిగుతున్నారు.

తిరిగొచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు. వచ్చే ఏడు మాకు గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం రావాల్సి ఉంది. వాళ్ల పట్టికలో ‘వారసత్వ విద్య’ అనే గడికి పదిహేను మార్కులున్నాయి, అందులో మాకు సున్నా.

“మన విశ్వవిద్యాలయము స్థాపింపబడి ముప్పది రెండేండ్లే అయినప్పటికినీ, మన డిగ్రీ వయస్సు ఎనిమిది వందల ఏండ్లు ఉండుటకు ఎట్టి అభ్యంతరమూ లేదు” అన్నారు వీసీ గారు. ఇంట్లో ఆయన మామూలుగానే మాట్లాడతారని డ్రైవరు చెప్పాడు. ఆఫీసు గేటు దాటగానే ఇలా అయిపోతారు.

లా కాలేజీ డీన్ సామ్రాజ్యం గారు అడ్డుపడ్డారు. ఆవిడ పద్దెనిమిదేళ్లు కోర్టులో ప్రాక్టీసు చేసి వచ్చిన మనిషి, మాట సూటిగా ఉంటుంది. “సార్, ఒక చట్టం మేం చెబుతాం. రెండోది ఎవరు చెబుతారండీ?”

“వెదకవలెను” అన్నారు వీసీ గారు. వెదకడం నాకు అప్పజెప్పారు.

నాకు వారంలో దొరికారు. ముప్పై కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో, చర్చి పక్క బంగళాలో, ఫాదర్ బాలశౌరి గారు. డెబ్బై తొమ్మిదేళ్లు. కుర్రతనంలో బిషప్పు గారు రోముకు పంపిస్తే ఆరేళ్లు ఉండి ఉభయ న్యాయాల్లోనూ డాక్టరై వచ్చారు. వచ్చాక నలభై ఏళ్లు విచారణ గురువుగా, అంటే పల్లె చర్చిలు చూసుకునే ఫాదరుగా, ఊళ్లు తిరిగి, గట్టు తగాదాలూ గేదెల తగాదాలూ తీర్చి, ఇప్పుడు విశ్రాంతిగా జామ చెట్లు పెంచుకుంటున్నారు.

“ఫాదర్ గారూ, మీ డిగ్రీతో మాకు పని పడిందండి” అన్నాను.

“నాక్కూడా ఎప్పుడూ పడలా నాయనా. మీకెట్టా పడింది?”

నేను విషయం చెప్పాను. ఆయన జామకాయ కోసి నా చేతిలో పెట్టి, “అందులో రెండో సగం ఎక్కువగా పెళ్లిళ్ల చట్టమే. అదిగూడా మావాళ్లకి. మీ పిల్లలు చదివి ఏం చేసుకుంటారు?” అన్నారు.

“చేసుకునే పని మేం కల్పిస్తామండి” అన్నాను. అప్పుడు నా మాటలో ఎంత నిజం ఉందో నాకే తెలియదు. పాపం, పిల్లలంటే ఇష్టం కొద్దీ ఆయన వారానికి రెండు రోజులు రావడానికి ఒప్పుకున్నారు.

కోర్సులో ముగ్గురు చేరారు. ఇద్దరు వేరే సీటు రానివాళ్లు, మూడోవాడు హాస్టలు కోసం. చదువు బాగానే నడుస్తుండగా పరీక్షల విభాగం నుంచి కాగితం వచ్చింది. మా దగ్గర ప్రతి కోర్సుకూ ప్రాక్టికల్స్ ఉండాలి, నలభై మార్కులకు. సంస్కృతానికి కూడా ఉన్నాయి. దీనికి ఎక్కడివి? చర్చి కోర్టులో కూర్చుని నేర్చుకుంటామని బిషప్పు గారి కార్యాలయానికి రాశాం. సంసారాల కష్టాలు మార్కుల కోసం చూపించేవి కావని మర్యాదగా జవాబు రాశారు. సబబుగానే తోచింది నాకు. వీసీ గారికి తోచలేదు.

“కార్యాలయమే ప్రయోగశాల కావలెను” అని ప్రకటించారు. ముసాయిదా నన్ను రాయమన్నారు.

ఇక్కడ మా పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. మేం ఏ నిబంధనలూ సొంతంగా రాయం. ఇంకో సంస్థ నిబంధనలు తెప్పించుకుని, వాళ్ల పేరున్న చోట మా పేరు చదువుకోవాలని ఒక వాక్యం జోడిస్తాం. హాస్టలు నిబంధనలు ఒక పశువైద్య కళాశాల నుంచి అలాగే అరువు తెచ్చాం. ఒకచోట మార్చడం మరిచిపోయినందువల్ల రెండేళ్లపాటు మా విద్యార్థులందరికీ గాలికుంటు టీకా తప్పనిసరిగా ఉండింది. టీకాకు బడ్జెట్ రాలేదు కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. ఆ అనుభవంతోనే ఇదీ రాశాను:

‘ఉభయ న్యాయ పాఠ్యగ్రంథమునందు “వివాహము” అను పదము వచ్చిన ప్రతిచోటా “నియామకము” అనియు, “వరుడు” అనుచోట “విశ్వవిద్యాలయము” అనియు, “వధువు” అనుచోట “ఉద్యోగి” అనియు చదువుకొనవలెను. సదరు గ్రంథము నేటినుండి కార్యాలయమునకు వర్తించును.’

ఒక్క వాక్యంతో రెండు వందల పేజీల చట్టం మా సొంతమైంది. నా చేతి రాతల్లో ఇదే గొప్పదని అప్పట్లో మురిసిపోయాను కూడా.

మొదట ప్రకటనలు వచ్చాయి. చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదువుతారు చూడండి, ఫలానా వాళ్లకు పెళ్లి, ఎవరికైనా ఆటంకం తెలిస్తే చెప్పండి అని, అదే. మేం మూడు సోమవారాలు పెట్టాం, జెండా స్తంభం దగ్గర, మైకులో. మొదటి సోమవారం ఒక ఎలక్ట్రీషియన్ పేరు చదివితే పద్నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకాయన ఇంట్లో ఫ్యాను నాలుగు నెలలుగా తిరగడం లేదట. ఆటంకమే కదా, రాసుకున్నాం.

తర్వాత వరుసలు వచ్చాయి. దగ్గరి రక్తసంబంధం ఉంటే పెళ్లి చెల్లదని గ్రంథంలో ఉంది. విశ్వవిద్యాలయానికి రక్తసంబంధం అంటే అధికారుల బంధువులని సామ్రాజ్యం గారు వ్యాఖ్యానించారు. ఆ లెక్కన కంప్యూటర్ సెంటర్ ఖాళీ అయింది. వీసీ గారి బావమరిది కొడుకు అందులో పెద్ద. అదృష్టవశాత్తూ గ్రంథంలోనే మినహాయింపు అనే ప్రకరణం ఉంది, పై అధికారి దయతలచి ఆటంకాన్ని తొలగించవచ్చు. వీసీ గారు వారంలో తొమ్మిది మినహాయింపులు దయచేశారు. ‘ఆత్మల శ్రేయస్సు దృష్ట్యా’ అని ఒక్కొక్కదాని మీదా నేనే టైపు చేశాను.

ఇక విడిపోవడం. మరణం తప్ప ఈ బంధాన్ని ఏదీ విడదీయలేదని గ్రంథం. అంచేత పదవీ విరమణ రద్దయింది. ఆ నెలాఖరుకు దిగిపోవాల్సిన తోటమాలి, దండలు వేయించుకుని శాలువా కప్పించుకుని ఇంటికెళ్లినవాడు, మర్నాడు పొద్దున్నే కబురందుకుని క్యారేజీతో వచ్చాడు. “శాలువా వెనక్కియ్యాలా సారూ?” అని అడిగాడు. దాని మీద నిబంధన లేదు, ఉంచుకోమన్నాను.

నా కొత్త హోదా కూడా అక్కణ్ణించే పుట్టింది. పెళ్లి చెల్లదని ఎవరు దావా వేసినా, చెల్లుతుందని వాదించడానికి చర్చి కోర్టులో ఒక మనిషి ఉండి తీరాలట. బంధరక్షకుడంటారు. ఆలుమగలిద్దరూ వద్దన్నా సరే, బంధం తరఫున మాట్లాడటం అతని వంతు. వీసీ గారు సమావేశంలో చుట్టూ చూసి, “ఈ పదవికి మార్కండేయులు గారు అన్ని విధములా అర్హులు. ఇరవది తొమ్మిదేండ్లలో వీరు ఏ ఫైలునూ మూయనీయలేదు” అన్నారు. నా కళ్లు చెమర్చాయి. అంత చక్కగా నన్ను గుర్తించినవాళ్లు అంతకుముందు లేరు.

నా చేతికి వచ్చిన మొదటి కేసు కోటేశ్వరిది.

కోటేశ్వరి కింది అంతస్తులో ఇన్‌వర్డ్ కిటికీ దగ్గర కూర్చుంటుంది. విశ్వవిద్యాలయంలోకి ఏ కాగితం రావాలన్నా ఆ కిటికీలోంచే రావాలి. జతపరిచిన కాగితాలు లెక్కపెట్టి, తేదీ ముద్ర వేసి, నంబరు ఇస్తుంది. ముద్ర లేని కాగితం మాకు కాగితమే కాదు. పదకొండేళ్లుగా ఈ పని చేస్తోంది, కాంట్రాక్టు మీద. ఆర్నెల్లకోసారి శుక్రవారం సాయంత్రం కాంట్రాక్టు ముగుస్తుంది, సోమవారం కొత్తది మొదలవుతుంది. ఆ మధ్య శనివారం ఆమెకు ఉద్యోగం ఉండదు. అయినా వస్తుంది, ఎందుకంటే కాగితాలు వస్తాయి.

ఆమెకు నలభై రెండేళ్లు. పక్క జిల్లా కోర్టులో అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది, పర్మనెంటు. వయసు దాటిపోయినా, ప్రభుత్వ సంస్థలో ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు సడలింపు ఉంది. నెలాఖరు ముప్పయ్యో తారీఖులోగా రిలీవింగ్ ఆర్డరు, అనుభవ ధ్రువపత్రం రెండూ పట్టుకెళ్లి చేరాలి. చేరకపోతే జాబితాలో తర్వాతివాళ్లకు ఇచ్చేస్తారు, మళ్లీ పరీక్ష రాసే వయసు ఆమెకు లేదు. నెల రెండో తారీఖున తన రాజీనామాకు తనే ముద్ర వేసుకుని, నంబరు రాసుకుని, నా బల్ల దగ్గరికి తెచ్చింది.

“రాజీనామా అనే పదం ఇప్పుడు లేదు కోటేశ్వరీ” అన్నాను. “తీసేశాం.”

“అదేంటి సార్, నన్ను ఆర్నెల్లకోసారి మీరే తీసేస్తన్నారు గదా.”

“తీసేయడం కాదమ్మా, అది ప్రమాణాలు మళ్లీ చెప్పించడం. బంధం మాత్రం శాశ్వతం.”

“శాశ్వతమా సార్? మరి నాకెవరూ చెప్పలా” అంది.

ఆ రోజే ఫాదర్ గారు క్లాసుకు వచ్చారు. వెళ్లి ఆయన దగ్గర కూర్చుంది. ఆయన అంతా విని, విడాకులు లేని చట్టంలో బయటికి ఒకే దారి ఉందని చెప్పారట. పెళ్లి తెగిపోయిందని కాదు, అసలు మొదటి నుంచీ జరగనే లేదని రుజువు చేయాలి. పక్షం రోజుల్లో కేసు తయారైంది: కోటేశ్వరి ఈ విశ్వవిద్యాలయంలో ఎన్నడూ చేరలేదు. అర్జీకి ముద్ర వేసింది కోటేశ్వరే.

విచారణ లా కాలేజీ నమూనా కోర్టు హాల్లో జరిగింది. న్యాయమూర్తి సామ్రాజ్యం గారు. అర్జీదారు పక్కన ఫాదర్ గారు. ముందు వరసలో నలభై మార్కుల కోసం ముగ్గురు విద్యార్థులు. వెనక గోడ పొడుగునా, భోజనం మానుకుని వచ్చిన కాంట్రాక్టు వాళ్లు. స్వీపర్లు, ల్యాబు అసిస్టెంట్లు, పాఠాలు చెప్పేవాళ్లు కూడా.

ఫాదర్ గారు లేచి నెమ్మదిగా చెప్పారు. “పెళ్లినాడే, దీన్ని కొన్నాళ్లకి వదిలేద్దాంలే అని మనసులో పెట్టుకుని తాళి గట్టినోడిది పెళ్లి కాదు. మామూలుగా మనసులోది రుజువు చెయ్యటం కష్టం. ఇక్కడ ఆ కష్టం లేదమ్మా. ఆర్నెల్లకి వదిలేస్తామని కాగితం మీదే రాసిచ్చారు.”

నా వంతు వచ్చింది. రాత్రంతా తయారైన మాట నిజం. ఇరవై రెండు కాంట్రాక్టు ఉత్తర్వులూ బల్ల మీద పరిచాను. “ఒక్కసారి నియమించుకున్నవాడు పొరపాటున నియమించుకున్నాడనుకోవచ్చు. ఇరవై రెండు సార్లు నియమించుకున్నవాడికి ఆమె మీద ఎంత మమకారం ఉండాలి? విశ్వవిద్యాలయం మొదటి రోజు నుంచీ ఈమెను శాశ్వతంగానే అనుకుంది. ఆర్నెల్లని రాయడం కేవలం మొహమాటం” అన్నాను.

వెనక గోడ దగ్గర ఒక ల్యాబు అసిస్టెంటు పక్కవాడి దగ్గర పెన్ను తీసుకుని నా మాట చేతి మీద రాసుకున్నాడు.

పావుగంటలో వీసీ గారి నుంచి పిలుపు వచ్చింది.

“తాము వాదించుచున్నదేమి?”

“బంధం శాశ్వతమని సార్.”

“మనకు మూడు వందల నలుబది మంది కాంట్రాక్టు సిబ్బంది యున్నారు. తాము గెలిచినచో?”

“బంధం శాశ్వతమైతే అందరిదీ శాశ్వతమే సార్.”

ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. “అయినచో తాము ఓడిపోవలెను” అన్నారు.

“ఉత్తర్వు ఇప్పించండి సార్, తప్పకుండా ఓడిపోతాను.”

అలాంటి ఉత్తర్వు కాగితం మీద పెట్టలేక ఆయన నన్ను పంపించేశారు. నేను మర్నాడు ఇంకా గట్టిగా వాదించాను. నా మీద నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది, చెప్పేస్తాను. కోటేశ్వరికి ముప్పయ్యో తారీఖు దాటకూడదని నాకు తెలుసు. ఆమె ప్రతి ఉదయం నా ప్రతివాదన కాగితాలకు ముద్ర వేసి ఇచ్చేది, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. తెలిసీ వాదించాను. బాగా వాదిస్తున్నానని నలుగురూ అంటుంటే బాగుండింది.

మూడో రోజు హాస్టలు కోసం చేరిన కుర్రాడు లేచాడు. పేరు ప్రభుదాసు. వాడు నోరు తెరవడం అదే మొదలు.

“మేడం, చిన్న డౌటు. కోటేశ్వరి గారు ఎప్పుడూ చేరలేదంటే, ఆమె ముద్ర వేసిన కాగితాలు మనకి అందినట్టా, అందనట్టా?”

“అందనట్టే” అన్నారు సామ్రాజ్యం గారు.

“మూడేళ్ల కిందట వీసీ గారు ఉద్యోగంలో చేరుతున్నానని ఇచ్చిన కాగితం మీద ముద్ర ఆమెదే మేడం.”

అంటే వీసీ గారు చేరలేదు. చేరనివాడు ఇచ్చిన ఉత్తర్వు చెల్లదు, కనుక ఉభయ న్యాయం లేదు, ఈ కోర్టూ లేదు. కోర్టే లేకపోతే కోటేశ్వరి చేరలేదని తేల్చేవాళ్లు లేరు, కనుక ఆమె చేరినట్టే. ఆమె చేరితే ముద్ర చెల్లుతుంది, వీసీ గారు చేరినట్టు, ఉత్తర్వు చెల్లినట్టు, కోర్టు ఉన్నట్టు. మధ్యాహ్నం భోజనాల వేళకు కోటేశ్వరి మూడుసార్లు చేరి నాలుగుసార్లు చేరకుండా పోయింది. వీసీ గారు తన గదిలోనే ఉన్నారు, కానీ ఆ పూట ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఏ క్షణాన ఉన్నారో ఏ క్షణాన లేరో చెప్పడం కష్టం కదా.

భోజనాల తర్వాత ఫాదర్ గారే దారి చూపించారు.

“చెల్లని పెళ్లికి పుట్టిన బిడ్డల సంగతేందని మా పెద్దలు కూడా తల పట్టుకున్నారు. చివరికి ఒక మాట అనుకున్నారు. ఇద్దర్లో ఒక్కరన్నా ఇది నిజమైన పెళ్లేనని మంచి మనసుతో నమ్మి ఉంటే చాలు. పెళ్లి చెల్లదు, బిడ్డలు మాత్రం సక్రమమే. ఈ అమ్మాయి ముద్రలు ఆ బిడ్డల్లాంటియ్యి. నమ్మిందా లేదా అనేది అడగండి.”

సామ్రాజ్యం గారు కోటేశ్వరిని బోనులోకి పిలిచారు. “చేరిన రోజున ఇది నిజమైన ఉద్యోగమని నమ్మారా?”

“నమ్మానండి.”

“ఎలా చెప్పగలరు?”

“కాంట్రాక్టు అయిపోయిన మర్నాడు శనివారాలు వచ్చేదాన్నండి. ఆ రోజుకి జీతం లేదు, హాజరు లేదు. నమ్మకపోతే ఎందుకొస్తానండీ?”

తర్వాత విశ్వవిద్యాలయం తరఫున వీసీ గారిని హాలుకు పిలిపించి అదే ప్రశ్న అడిగారు. ఆయన అవునంటే మూడు వందల నలభై మందీ గోడ దగ్గర నిలబడి వింటున్నారు. కాదంటే కూడా వింటున్నారు. చాలాసేపు ఆలోచించి, “పరిపాలనా ప్రయోజనముల దృష్ట్యా, నమ్మకము అను అంశము పరిశీలనలో యున్నది” అన్నారు.

ఇరవయ్యో తారీఖున తీర్పు వచ్చింది. చిన్న తీర్పు. నియామకం మొదటి నుంచీ చెల్లదు. పదకొండేళ్లలో ఆమె వేసిన ప్రతి ముద్రా చెల్లుతుంది. చేసిన పనికి అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి, రిలీవ్ చేయాలి. చివర ఒక వాక్యం సామ్రాజ్యం గారు చదివేటప్పుడు కొంచెం ఆగి చదివారు: ‘ఇది ఒక విశ్వవిద్యాలయమని ఇరుపక్షాలలో అర్జీదారు ఒక్కరే మంచి మనసుతో నమ్మినట్లు ఈ న్యాయస్థానం భావిస్తున్నది.’

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక గోడ దగ్గర వాళ్లు మాత్రం ఒక్కొక్కరే వచ్చి నకలు ఎప్పుడిస్తారని అడిగి వెళ్లారు. కోటేశ్వరి హాలు బయట నన్ను ఆపింది.

“అంటే సార్, నేను పనిచేసినట్టేనా?”

“చేసినట్టే. ఉద్యోగం మాత్రం లేనట్టు.”

“అది నాకు ముందే తెలుసు గదండీ” అంది. కోపంగా కూడా అనలేదు.

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ప్రతి తీర్పు మీదా బంధరక్షకుడు అప్పీలు చేసి తీరాలని గ్రంథంలో ఉంది, నేనే అరువు తెచ్చిన గ్రంథం. గడువు ఏడు రోజులు. అప్పీలు దాఖలైతే రెండో న్యాయస్థానం తేల్చేదాకా తీర్పు ఆగిపోతుంది. దాఖలు కాకపోతే తీర్పు ఖాయమై, ఆ సాయంత్రమే రిలీవింగ్ ఆర్డరు వెళ్లాలి. ముందు నన్ను ఓడిపొమ్మన్న వీసీ గారికి ఇప్పుడు అప్పీలు కావలసి వచ్చింది, ఎందుకంటే తామూ ధ్రువపత్రం పుచ్చుకుని బయటపడదామని తీర్పు నకళ్లకు అప్పటికి రెండు వందల మంది అర్జీలు తయారు చేసుకున్నారు.

“తమ విధిని తాము నిర్వర్తించవలెను” అన్నారు ఫోనులో.

“తప్పకుండా సార్” అన్నాను. అప్పీలు రాశాను, పద్నాలుగు పేజీలు. చేతికి పని తెలుసు, బాగానే వచ్చింది. పట్టుకుని కింది అంతస్తుకు వెళ్లాను.

ఇన్‌వర్డ్ కిటికీ వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ఎన్నడూ చేరని మనిషి వచ్చి కూర్చోకూడదు కదా. వేలిముద్ర యంత్రంలోంచి ఇరవయ్యో తారీఖు సాయంత్రమే ఆమె పేరు తీసేశారు. ఇంకొకరిని కూర్చోబెడదామంటే, తాత్కాలికంగానైనా అది నియామకమే, మూడు సోమవారాలు మైకులో చదవాలి. కిటికీ ముందు అప్పటికే చాంతాడంత వరస. ఫీజు రాయితీ కాగితాలు, సెలవు చీటీలు, తీర్పు నకలు అర్జీలు. నేనూ వరసలో నిలబడ్డాను.

మర్నాడూ నిలబడ్డాను. పదిన్నర నుంచి ఐదు దాకా, మధ్యలో అరగంట భోజనానికి. మూడో రోజుకు మిగతావాళ్లు విసుగెత్తి వెళ్లిపోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. వీసీ గారు పై వరండాలోంచి చూసి, నా విధినిష్ఠకు తలాడించి లోపలికి వెళ్లారు. నాలుగో రోజు సామ్రాజ్యం గారు అటుగా పోతూ, “ఏవండీ మార్కండేయులు గారూ, కాళ్లు నొప్పి పుట్టడం లేదా?” అని అడిగారు. పుడుతున్నాయని చెప్పాను.

అన్ని రోజులు ఒకే కిటికీ ముందు నిలబడితే కొన్ని సంగతులు కనిపిస్తాయి. కుర్చీ ఒక కాలికి అట్టముక్క పెట్టి ఉంది. నేను పదకొండేళ్లు ఆ కిటికీలోకి కాగితాలు తోశాను కానీ, ఆమెకు సరైన కుర్చీ ఒకటి ఇప్పించమని ఒక్క కాగితం రాయలేదు. ఆమె అడగలేదు, నేను చూడలేదు. సిగ్గుగా అనిపించింది.

ఇరవై ఏడో తారీఖు వచ్చింది. నాలుగున్నరకు ఊచల సందులోంచి లోపలికి చూశాను. బల్ల మీద రిజిస్టరు, ఇంకు ప్యాడు, తేదీ ముద్ర, అన్నీ ఆమె సర్ది వెళ్లిన చోటే ఉన్నాయి. చెయ్యి పెడితే ముద్ర అందుతుంది. వీసీ గారికీ ఎవరో ఆ సంగతి చెప్పినట్టున్నారు, ఫోను మోగింది.

“ముద్ర అక్కడనే యున్నదట గదా? తామే వేసికొనరాదా?”

“ముద్ర వేయడం నా విధుల జాబితాలో లేదు సార్” అన్నాను.

ఆయన ఫోను పెట్టేశారు. నా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఈ మాట చెప్పి కొన్ని వందల మందిని వెనక్కి పంపాను. ఒక మనిషికి మేలు జరగాలని చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. గోడ గడియారం ఐదు కొట్టేదాకా అక్కడే నిలబడి, అప్పీలు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కోటేశ్వరి రిలీవింగ్ ఆర్డరు టైపు చేయడానికి మేడ మీదికి వెళ్లాను.